వాట్సాప్‌లో వచ్చిన గ్రూప్ ఫొటో, ఇరవై అడుగుల ఫ్లెక్సీ

ప్రశ్న: నమస్తే సార్. మాది గుంటూరు. 1993–94లో పదో తరగతి చదివిన మా బ్యాచ్ అంతా వచ్చే సంక్రాంతి సెలవుల్లో కలుస్తున్నాం. ఫంక్షన్ హాల్లో స్టేజీ వెనక 20×10 అడుగుల ఫ్లెక్సీ కట్టి, దాని నిండా అప్పటి గ్రూప్ ఫొటో వెయ్యాలని అందరి కోరిక. పని నా నెత్తిన పడింది. ఫొటో మా వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిందే. గోడకున్న ఫ్రేమును సెల్లుతో తీసింది. మాస్టార్లతో కలిపి 64 మంది, నాలుగు వరసలు. అరండల్‌పేటలో ఫ్లెక్సీ షాపతను చూసి, "పగిలిపోద్ది సార్, 300 డీపీఐ తెండి" అన్నాడు. ఫొటోషాప్ తెలిసిన మా అన్నయ్య కొడుకు 72 తీసి 300 చేసిచ్చాడు. ఏమీ మారలేదు. తర్వాత ఏదో ఏఐలో పెట్టి తెచ్చాడు. చాలా క్లియర్‌గా ఉంది గానీ అందులో నేను నేనులా లేను. మధ్యలో కూర్చున్న లెక్కల మాస్టారు ఇప్పుడు లేరు. వాళ్ల ఆవిడ గారు సభకి వస్తున్నారు. ఆయన ముఖమైతే మరీ ఎవరిదోలా వచ్చింది. ఇంకా రెండు వారాలే టైముంది. ఫొటో పెంచే మంచి పద్ధతి చెప్పండి. రెండూ జత చేశాను.
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందు ఆ ఏఐ ఫొటో పక్కన పెట్టండి. డిలీట్ చెయ్యకండి, దానితో ఒక చిన్న పని ఉంది, తర్వాత చెబుతాను. మీరు పంపిన వాట్సాప్ ఫొటో సంగతి చూద్దాం.

నేను దాన్ని తెరిచి కొలిచాను. అడ్డంగా 1600 పిక్సెళ్లు, అంటే ఫొటోని తయారుచేసే రంగు చుక్కలు. వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే దాదాపు ఆ సైజుకే కుదించేస్తుంది. అందులో గోడ, చెక్క ఫ్రేము, పక్కన క్యాలెండర్ ముక్క పోను మీ బ్యాచ్ ఉన్న భాగం 1100. వరసకి 16 మంది కాబట్టి మనిషికి 70 చొప్పున పడతాయి. భుజాలు తీసేస్తే ముఖానికి మిగిలింది 30 పిక్సెళ్లు.

ఇప్పుడు ఆ 1100ని 20 అడుగులకి, అంటే 240 అంగుళాలకి సాగదీయండి. అంగుళానికి నాలుగున్నర పిక్సెళ్లు వస్తాయి. ఒక్కో పిక్సెల్ ఐదున్నర మిల్లీమీటర్లు, ఒక కందిగింజంత. ముఖం వెడల్పు ఆరున్నర అంగుళాలు, నిజం మనిషి ముఖం కంటే కాస్త పెద్దదే. అంత ముఖాన్ని అడ్డంగా 30 కందిగింజలు పేర్చి చెయ్యాలన్నమాట. కంటికి ఆరు గింజలు. కంటిపాపకి రెండు. మీ లెక్కల మాస్టారి చూపు ఆ రెండు గింజల్లో ఎక్కడుంటుంది?

ఇంకోటి కూడా ఉంది. జేపెగ్, అంటే మీ ఫొటో ఫైలు రకం, బొమ్మను ఎనిమిదేసి పిక్సెళ్ల గళ్లుగా కోసి, ఒక్కో గడిని విడిగా నొక్కేసి దాస్తుంది. చిన్నగా చూస్తే తెలియదు. మీ ఫ్లెక్సీ మీద ఒక్కో గడి నాలుగు సెంటీమీటర్ల పైన ఉంటుంది, కాబట్టి బుగ్గ దగ్గర గచ్చు పలకలు అతికించినట్టు గీతలు కనిపిస్తాయి. ముఖానికి అడ్డంగా అలాంటి పలకలు నాలుగే. షాపతను "పగిలిపోద్ది" అన్నది దీన్నే. ఆ మాట నూటికి నూరు పాళ్లు నిజం.

అతను అడిగిన 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు, మాత్రం నిజం కాదు. ఆ అంకె పుస్తకాలది, పెళ్లి కార్డులది. చేత్తో పట్టుకుని అడుగు దూరంలో చూసే వాటికి సరిపోయే లెక్క. చూపు బాగున్న కన్ను రెండు చుక్కల్ని విడివిడిగా పట్టుకోవాలంటే వాటి మధ్య కనీసం డిగ్రీలో అరవయ్యో వంతు ఎడం ఉండాలి. దాన్నుంచి మాలాంటి వాళ్లం వాడే సూత్రం ఒకటి పుట్టింది. ఎంత దూరం నుంచి చూస్తారో ఆ దూరాన్ని అంగుళాల్లోకి మార్చి, 3438ని దానితో భాగించండి. అంగుళానికి అన్ని పిక్సెళ్లుంటే చాలు. 12 అంగుళాల దూరానికి 286 వస్తుంది, మన 300 అక్కడి నుంచి వచ్చిందే. పదడుగులకి 29. అరవై అడుగులకి 5 చాలు. బెంజి సర్కిల్లో బస్సు కిటికీలోంచి చూసి "ఎంత క్లియర్‌గా ఉందో" అనుకునే హోర్డింగు దగ్గరికి నిచ్చెన వేసుకుని ఎక్కితే చుక్కల ముగ్గే.

సరదాకి షాపతని మాట ప్రకారమే వెళ్దాం. 20×10 అడుగులకి 300 అంటే అడ్డంగా 72,000, నిలువుగా 36,000 పిక్సెళ్లు. నాలుగు రంగుల్లో ఫైలు 10 జీబీ దాటుతుంది. ఫొటోషాప్ సొంత ఫైలు పీఎస్‌డీ 30,000 పిక్సెళ్ల దగ్గర ఆగిపోతుంది, జేపెగ్ 65,535 దగ్గర. మీరు నిజంగా అలాంటిది తెచ్చిస్తే అతని కంప్యూటరే దణ్ణం పెట్టేస్తుంది. అతన్ని తప్పుబట్టడం లేదు. రోజుకి యాభై మంది వాట్సాప్ ఫొటోలు పట్టుకుని వస్తుంటే "మంచి ఫొటో తెండి" అనడానికి అతను అలవాటు చేసుకున్న మాట అది. మెషీన్ మీద రాసుండే 720, 1440 డీపీఐలు ఇంకా వేరు. అవి ఇంకు చుక్కల లెక్క, మీ ఫొటోకి సంబంధం లేదు.

మీ అన్నయ్య కొడుకు 72 తీసి 300 చేశాడన్నారు. అక్కడ రీశాంపుల్ అనే టిక్కు ఒకటుంటుంది. అది తీసేసి అంకె మారిస్తే ఫొటోలో ఏమీ మారదు, దాని మీద అంటించిన చీటీ మారుతుంది. టిక్కు పెట్టి మారిస్తే పక్కపక్క పిక్సెళ్ల సగటు తీసి మధ్యలో కొత్తవి పోస్తుంది. లీటరు పాలు నాలుగు లీటర్లవుతాయి. పాలకేంద్రంలో పోస్తే వెన్నశాతం దగ్గర దొరికిపోతాం. కుర్రాడి తప్పేం లేదు, మొదట్లో అందరం చేసిన పనే.

ఏఐ ఆ సగటుతో ఆగదు. ఇక్కడ కాస్త నిదానంగా చెప్పాలి.

ఫ్లెక్సీలు రాకముందు విజయవాడ గాంధీనగర్‌లో సినిమా బ్యానర్లు వేసే ఆర్టిస్టులుండేవారు. చిన్నప్పుడు స్కూలు ఎగ్గొట్టి మరీ చూసేవాణ్ణి. చేతిలో పోస్టుకార్డంత స్టిల్లు, దాని మీద పెన్సిల్‌తో గళ్లు. ఎదురుగా గుడ్డ మీద అవే గళ్లు, అడుగు అడుగున. స్టిల్లులో మూడు మిల్లీమీటర్లున్న కన్ను గుడ్డ మీద అడుగు అవుతుంది. మధ్యలో లేని కనురెప్పలు, కంటి కొసన ఎరుపు, పెదవి మీద మెరుపు ఆయనే వేసేవాడు. కల్పనే అది. అయినా కింద నిలబడ్డ రిక్షా అతను కూడా హీరోని పోల్చుకునేవాడు. ఎందుకంటే వేసేవాడికి ఆ ముఖం తెలుసు, వందసార్లు తెర మీద చూశాడు.

ఏఐ కూడా లేని కనురెప్పలు వేస్తుంది. ఎన్నెన్నో ముఖాల ఫొటోలు నూరి పోస్తే నేర్చుకున్న విద్యతో, "ఇలాంటి 30 పిక్సెళ్ల మసక ముఖం అసలు ఎలా ఉండి ఉంటుంది" అని ఊహించి వేస్తుంది. దానికి గుంటూరు లెక్కల మాస్టారు తెలియదు. 2020లో అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు పల్స్ అనే ప్రోగ్రాం తయారుచేశారు, మసక ముఖాల్ని స్పష్టంగా మార్చేది. ఎవరో ఒబామా ముఖాన్ని గళ్లుగళ్లుగా చేసి దానికిస్తే, శుభ్రంగా ఒక తెల్లాయన ముఖం గీసిచ్చింది. అప్పట్లో పెద్ద గొడవే అయింది. ఇప్పటివి దానికంటే నయమే. అయినా పని చేసే తీరు అదే, తెలియని చోట తనకి అలవాటైన ముఖం పెడుతుంది.

నా సొంత నిర్వాకం ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కింద ఒక పెద్దావిడ ప్రథమ వర్ధంతికి ఫ్లెక్సీ చెయ్యమని వాళ్ల అమ్మాయి వచ్చింది. ఉన్నది ఒకే ఫొటో, ఏదో పెళ్లి గుంపులోంచి కోసింది. నేను కొత్తగా దొరికిన ఏఐ ముచ్చటలో పెట్టి తీశాను. చర్మం నున్నగా, కళ్లు మిలమిలా, నాకే ముద్దొచ్చింది. ఆ అమ్మాయి స్క్రీన్ ముందు కూర్చుని చాలాసేపు చూసి, "మా అమ్మ గెడ్డం మీద పచ్చబొట్టేదండీ?" అంది. అసలు ఫొటో తెరిచి చూస్తే మూడు పిక్సెళ్ల ఆకుపచ్చ మచ్చ ఉంది. ఏఐ దాన్ని మురికనుకుని తుడిచేసింది. ఎడమ ముక్కుకున్న బేసరి కూడా పోయింది. నేను ఆ రెండూ చూడనే లేదు. ఆ రోజు నుంచి చనిపోయిన వాళ్ల ముఖం మీద ఏఐ వాడటం మానేశాను.

కాబట్టి మీకు నేను చెప్పేది పెంచే పద్ధతి కాదు, వెతికే పద్ధతి. మీ ఫొటో ఫ్రేములో ఉంది, ఫ్రేము ఒక గోడ మీద ఉంది. ఆ గోడ ఎవరిదో కనుక్కోండి. గ్రూపులో పెట్టిన వాళ్లని అడిగితే గంటలో తేలుతుంది. అది దొరక్కపోతే మిగతా 60 మంది బీరువాల్లో, అమ్మల ట్రంకు పెట్టెల్లో ఒక్కటైనా ఉంటుంది. స్కూలు ఆఫీసు రూములోనూ అడగండి. ఫొటో తీసిన స్టూడియో ఇంకా నడుస్తుంటే నెగెటివ్ ఉందేమో అని ఒక ఫోను చెయ్యండి, ఆశ పెట్టుకోకుండా.

అలాంటి గ్రూప్ ఫొటోలు మామూలుగా 10×8 లేదా 12×10 అంగుళాలుంటాయి. అట్ట మీద అంటించి, కింద పేర్లు రాసి ఉంటాయి. 10 అంగుళాల ప్రింటును 600 డీపీఐలో స్కాన్ చేస్తే అడ్డంగా 6000 పిక్సెళ్లొస్తాయి. మీ ముఖం ఆ ప్రింటులో ఏడు మిల్లీమీటర్లుంటుంది, మళ్లీ కందిగింజంతే అనుకోండి. కానీ ఆ గింజలో 160 పిక్సెళ్లున్నాయి. వాట్సాప్ దాంట్లో 30. కంటికి ఆరు కాదు, 32. మాస్టారు ఎటు చూస్తున్నారో తెలుస్తుంది. 600 కంటే ఎక్కువ పెట్టినా కాగితం ప్రింటులోంచి ఇంకేం పెద్దగా రాదు, ఫైలు బరువు తప్ప.

ఫ్రేము విప్పేటప్పుడు జాగ్రత్త. మన కోస్తా ఉక్కకి పాత ఫొటోలు అద్దానికి అతుక్కుపోతాయి. వెనక అట్ట తీసి, ఫొటో అంచు మెల్లగా కదిపి చూడండి. రాలేదంటే అక్కడితో ఆపండి. గోరు పెట్టి లాగితే మాస్టారి నుదురు అద్దానికే ఉండిపోతుంది. అతుక్కున్నదాన్ని అద్దంతో సహా శుభ్రంగా తుడిచి అలాగే స్కాన్ చెయ్యొచ్చు, స్కానరును బట్టి కాస్త మసక రావచ్చు. 10×8 మామూలు ఏ4 స్కానరు మీద పడుతుంది. 12×10 పట్టదు, అప్పుడు రెండు ముక్కలుగా స్కాన్ చేసి, మధ్యలో మూడు నాలుగు అంగుళాలు రెండింట్లోనూ వచ్చేలా చూసుకుంటే ఫొటోషాప్‌లో ఫొటోమెర్జ్ అతికిస్తుంది. జేపెగ్‌లా నొక్కెయ్యని టిఫ్ ఫైలుగా సేవ్ చేయించండి. బ్రాడీపేట నాలుగు లైన్లు తిరిగితే మంచి స్కానరున్న డీటీపీ సెంటరు దొరక్కపోదు. స్కానరులో "ఆటో ఎన్‌హాన్స్" లాంటివి ఉంటే తీసెయ్యమనండి.

ఫొటో హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి, అక్కడ స్కానరు లేదంటే సెల్లుతోనే తీయించండి, కానీ పద్ధతిగా. ఫ్రేములోంచి తీసి, వరండాలో నేల మీద పెట్టి, ఎండ పడని వెలుతురులో, ఫ్లాష్ లేకుండా. సెల్లు ఫొటోకి సమాంతరంగా ఉండాలి. జూమ్ వద్దు. ఒకే ఫొటో కాకుండా, ఆరు ముక్కలుగా దగ్గర్నుంచి తీసి పంపమనండి, అంచులు ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా. అన్నిటికంటే ముఖ్యం, వాట్సాప్‌లో ఫొటోగా కాదు, డాక్యుమెంటుగా పంపమనండి. పేపర్‌క్లిప్ గుర్తు నొక్కి డాక్యుమెంటు ఎంచుకుంటే ఫైలు ఉన్నదున్నట్టు వస్తుంది. 2023లో వచ్చిన హెచ్‌డీ బటన్ కొంత నయం, కానీ అదీ కుదిస్తుంది. ఇక స్టేటస్‌లోంచి స్క్రీన్‌షాట్ తీసి పంపేవాళ్లకి ఏ శిక్ష వెయ్యాలో మీరే ఆలోచించుకోండి.

స్కాన్ చేతికొచ్చాక మీకో సంగతి తెలుస్తుంది. పెంచే పనే ఉండదు. ఎలాగో చెబుతాను, కానీ దానికి ముందు ఫ్లెక్సీ నిండా ఫొటో అన్న ఆలోచన మానుకోవాలి.

స్టేజీ మీద కుర్చీలేస్తారు. మీ హెడ్మాస్టరు గారు, మాస్టార్లు, దండలు, మైకు. కూర్చున్న మనుషులు కింద నాలుగడుగుల ఫ్లెక్సీని కప్పేస్తారు. నిండా ఫొటో వేస్తే ముందు వరసలో నేల మీద కూర్చున్న పిల్లలు, వాళ్ల వెనక మాస్టార్లు, రెండు వరసలూ కుర్చీల వెనక్కి పోతాయి. సభ ఫొటోల్లో ఎవరూ కనిపించరు. అందుకని పైన ఆరడుగుల్లోనే ఫొటో పెట్టండి, ఏడున్నర అడుగుల వెడల్పున. 6000 పిక్సెళ్లని 90 అంగుళాలకి పంచితే అంగుళానికి 67 వస్తాయి. సూత్రంలో వేస్తే నాలుగున్నర అడుగుల దూరం నుంచి నిక్షేపంగా ఉంటుంది. స్టేజీ ఎక్కిన వాడికి కూడా పగిలినట్టు కనపడదు. మిగతా జాగాలో మీ స్కూలు బిల్డింగు. దాన్ని ఇవాళ వెళ్లి సెల్లుతో తీసుకురావచ్చు, ఎంత పెద్దగా కావాలంటే అంత పెద్దగా. పెద్దగా కనిపించాల్సినది కొత్తగా తియ్యగలిగినదై ఉండాలి, నేను లేఅవుట్ వేసేటప్పుడు మొదట చూసుకునేది అదే. కింద నాలుగడుగులు రంగు, ముగ్గు, ఏదైనా.

అయితే ఇంతవరకూ నేను మాట్లాడింది దూరం నుంచి చూసే ఫొటో గురించి. మీ సభలో జరిగేది అది కాదు. కాఫీలవ్వగానే అందరూ ఫొటో దగ్గరికి వస్తారు. ముక్కు ఆనించి, వేలు పెట్టి, "ఇది నువ్వే కదూ, ఈ చివర మూర్తేనా?" అని వెతుకుతారు. ఆ చూపు దూరం అరవై అడుగులు కాదు, మోచెయ్యి మడిచినంత. దానికి ఫ్లెక్సీ పనికిరాదు, స్టేజీ ఎక్కి కుర్చీలు జరుపుకుంటూ చూసే ఏర్పాటూ బాగోదు. ఇంకో బోర్డు చేయించండి. నాలుగడుగుల వెడల్పున, వినైల్ మీద ప్రింట్ తీసి సన్‌బోర్డుకి అంటించి, పైన మ్యాట్ లామినేషన్. మెరిసే గ్లాసీ లామినేషన్ వద్దు, ట్యూబులైట్లు పడి సగం ముఖాలు కనపడవు. ఇదే స్కాన్ అక్కడ అంగుళానికి 125 అవుతుంది. రెండడుగుల పైచిలుకు దూరానికి చాలు. ఇంకా దగ్గరికి వెళ్లి తప్పులు పడతారనుకోకండి. పదో తరగతి 1994లో అంటే మీ బ్యాచ్ అంతా చత్వారం వయసులో ఉన్నారు, చెయ్యి బారుగా చాపి చూసేవాళ్లే. దీన్ని గుమ్మం పక్కన, కంటి ఎత్తులో నిలబెట్టండి.

బోర్డు కింద మనిషి ఆకారాలు గీతల్లో గీయించి, తల తలకీ నంబరు వేయించండి. కోరల్‌డ్రా అనే డిజైన్ ప్రోగ్రాంలో గీసిన గీత వెక్టర్, దానికి పిక్సెళ్ల బాధ లేదు. ఎంత పెంచినా అంచు బ్లేడులా ఉంటుంది. స్కూలు ముద్ర కూడా అలాగే. వాట్సాప్‌లో వచ్చిన ముద్రని పెంచమనకండి, మళ్లీ గీయమనండి. గంట పని.

ఇక ముందు వరసలో పిల్లాడు పట్టుకున్న పలక చూశారా? మీ ఏఐ ఫొటోలో దాన్ని పెద్దది చేసి చూడండి. "10వ తరగతి బి సెక్షన్" అని ఉండాల్సిన చోట ఏ భాషా కాని గిలుకులున్నాయి. ఈ ప్రోగ్రాంలకి తెలుగు గుణింతం తెలియదు. ఒత్తులు, దీర్ఘాలు వాటి కంటికి పిచ్చిగీతలు. అలాంటి చోట అక్షరాలు మీరే టైపు చేసి పెట్టుకోవాలి. ఫ్లెక్సీ మీద పేర్లకీ ఒక జాగ్రత్త. అను ఫాంట్లలో చేస్తే షాపుకి పంపేముందు కోరల్‌లో కంట్రోల్ క్యూ కొట్టి కర్వ్‌లుగా, అంటే ఉత్త గీతలుగా మార్చండి. లేదంటే అతని సిస్టంలో ఆ ఫాంటు లేకపోతే "స్వాగతం" కాస్తా ఇంగ్లిషు అక్షరాల పలావు అవుతుంది. పాత వెర్షన్ ఫొటోషాప్‌లో యూనికోడ్ తెలుగు, అంటే సెల్లులో టైపు చేసే తెలుగు, ఒత్తులు విడిపోతుంటే ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర దక్షిణాసియా భాషల టెక్స్ట్ ఇంజన్ ఎంచుకోవాలి. దీని మీద ప్రతి నెలా ఒక ఉత్తరం వస్తుంది, అందుకే అడక్కపోయినా రాసేశాను.

అసలు ఫొటో ఎంత వెతికినా దొరక్కపోతే? అప్పుడు ఉన్న 1100 పిక్సెళ్లతోనే సంసారం. ఫ్లెక్సీ మీద ఫొటోని నాలుగడుగులకి మించనివ్వకండి. అంగుళానికి 23 వస్తాయి, పన్నెండున్నర అడుగుల దూరం నుంచి ఫర్వాలేదు, ముందు వరస కుర్చీలు దాదాపు అక్కడే ఉంటాయి. పెంచడానికి ముందు ఫొటోషాప్‌లో రెడ్యూస్ నాయిస్‌కి వెళ్లి జేపెగ్ మచ్చలు తీసే టిక్కు పెట్టండి. చాలామంది ముందు షార్పెన్ చేస్తారు, దానితో ఆ గచ్చు పలకల అంచులే షార్ప్ అవుతాయి. తర్వాత రంగు తీసేసి నలుపు తెలుపు చెయ్యండి. జేపెగ్ సాధారణంగా రంగుని వెలుగు కంటే సగం వివరంతో దాస్తుంది, కాబట్టి రంగు తీసేస్తే బుగ్గల మీద మచ్చల గోల సగం పోతుంది. ఆ కాలం కలర్ ప్రింట్లు ఎలాగూ ఎర్రబడిపోయి ఉంటాయి. ఆపైన ప్రిజర్వ్ డీటెయిల్స్ 2.0 అనే పద్ధతితో రెండింతలు, మళ్లీ రెండింతలు పెంచండి. చివర్లో మూడు నాలుగు శాతం నాయిస్ కలపండి. ముందు తీసేసి ఇప్పుడు కలపడమేంటి అనకండి. నున్నటి మసక కంటే సన్నటి ఇసక చల్లిన మసకని కన్ను స్పష్టంగా ఉందనుకుంటుంది.

మీ ఏఐ ఫొటోకి పని ఇక్కడుంది. దాన్నీ నలుపు తెలుపు చేసి, ఈ ఫొటో మీద ఇంకో లేయరుగా వేసి, ముఖాలన్నిటి దగ్గరా, చేతుల దగ్గరా, పలక దగ్గరా మాస్కుతో చెరిపెయ్యండి. వెనకున్న వేపచెట్టు, ఇటుక గోడ, మెట్లు, చొక్కాల మడతలు ఏఐవే ఉంచండి. ఆకు ఎవరిదో ఎవరూ అడగరు. మళ్లీ చేయించేట్టయితే అప్‌స్కేల్ (Upscayl) అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఉంది, సొంత కంప్యూటర్లోనే నడుస్తుంది, 64 మంది ముఖాలు ఎవరి సర్వర్‌కో ఎక్కించక్కర్లేదు. వేరే వాటిలో ముఖాన్ని మెరుగుపరిచే ఆప్షన్ విడిగా ఉంటుంది, అది ఆపెయ్యమని మీ కుర్రాడికి గట్టిగా చెప్పండి.

మాస్టారి గురించి నేనైతే ఇలా చేస్తాను. ఆవిడ గారికి ఇవాళే ఫోన్ చేసి, ఆయన ఫొటో మీ దగ్గర ఏది బాగుంటుందమ్మా అని అడగండి. రిటైర్మెంటు సభదో, మనవరాలి బారసాలదో ఒకటి ఉంటుంది. అది స్కాన్ చేసి ఫ్లెక్సీ మీద విడిగా, పెద్దగా వెయ్యండి. గ్రూప్ ఫొటోలో ఆయన ఎలా ఉన్నారో అలాగే మసగ్గా ఉండనివ్వండి. ఫైనల్ డిజైన్ షాపుకి వెళ్లేముందు ఆవిడకి చూపించండి. ఆ ముఖం సరిగ్గా ఉందో లేదో చెప్పాల్సింది నేనూ కాదు, షాపతనూ కాదు.

షాపుకి వెళ్లాక మొత్తం ప్రింట్ కొట్టించకండి. రెండు ముఖాలున్న ఒక్క చదరపు అడుగు ముక్క అసలు సైజులో ముందు తీయించండి. ఫ్లెక్సీ లెక్క చదరపు అడుగుల్లోనే కాబట్టి అదేం పెద్ద ఖర్చు కాదు. గోడకి అంటించి వెనక్కి నడవండి. గళ్లు మాయమైన చోట ఆగి, అడుగులు లెక్కపెట్టుకోండి. షాపుకి వెళ్లకుండా ఇంట్లోనే చూసుకోవాలంటే, 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ అంగుళానికి 92 పిక్సెళ్లు చూపిస్తుంది. 23 వచ్చే ఫొటోని 400 శాతం జూమ్‌లో పెడితే ఫ్లెక్సీ మీద కనిపించే సైజే అది. అలా పెట్టి గది అవతల గోడ దాకా వెనక్కి వెళ్లి చూడండి. ఫ్లెక్సీ మొత్తం ఫైలు అంగుళానికి 72లో చేస్తే 17,280×8,640 పిక్సెళ్లవుతుంది, ఏ షాపులోనైనా తెరుచుకుంటుంది. ఎత్తు పదడుగులే కాబట్టి 3.2 మీటర్ల మెషీన్ మీద అతుకు లేకుండా వస్తుంది. అతుకు వేస్తానంటే ఇంకో షాపు చూసుకోండి.

బోర్డు మీద నంబర్లకి ఎదురుగా పేర్లు వేసేటప్పుడు గుర్తురాని వాళ్లుంటారు, కనీసం పది మంది. వాట్సాప్‌లో ఓటింగ్ పెట్టి తేల్చకండి, ఖాళీ గీత వదిలెయ్యండి. మ్యాట్ లామినేషన్ మీద పర్మనెంట్ మార్కరు బాగా రాస్తుంది. ఒకటి దారంతో బోర్డుకి కట్టేసి, వచ్చిన వాళ్లని రాయనివ్వండి.